చదవని రెండో పేజీ

ఏప్రిల్ 4, సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

సోమవారం రాస్తున్నానంటే నీకు తెలుసుగా, షాపు మూసిన రోజు, నా చేతులకి క్రీమ్ అంటని ఒకే ఒక్క రోజు. మిగతా ఆరు రోజులూ మోచేతుల దాకా వెన్నా పంచదారే. ఫోన్ చెయ్యవేం అంటావేమో, వద్దులే. మనిద్దరం ఫోన్లో మూడు నిమిషాలు దాటితే పోట్లాటే. పోయినసారి నాన్నకి నొప్పి కుడి మోకాల్లోనా ఎడమ మోకాల్లోనా అని మొదలుపెట్టి నాలుగు నెలలు మాటల్లేకుండా గడిపాం. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. అన్నట్టు, అది కుడి మోకాలే.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా షాపులో సందడే వేరు. మీ బావ పొద్దున పొయ్యి పని ముగించి, మధ్యాహ్నం మేడ మీద పడుకుంటాడు. నేను కేకు మీద పువ్వులు పెడుతూ ఉంటాను. మన పిడుగు స్కూలు నుంచి వచ్చి కౌంటరు ఎక్కి కూర్చుని నీ ఉత్తరం పైకి చదువుతుంది. నీలాగే గొంతు మార్చి, మధ్యలో నీలాగే దగ్గి మరీ చదువుతుంది. నవ్వలేక చస్తున్నా.

ఇక అసలు సంగతి. ఆ పిడుగే, నీ మేనకోడలు, దారిలో పడింది. పదహారేళ్ళు వచ్చినా కేకు తినడమే తప్ప చెయ్యడం పట్టని పిల్ల, రెండు నెలలుగా తనంతట తనే పని నేర్చుకుంటోంది. మా క్రీమ్ సీసా చూశావుగా, దాని మూతకి బొటనవేలంత స్టీలు గ్యాస్ గొట్టం బిగిస్తే క్రీమ్ పొంగి బయటికి వస్తుంది. వాటిని మేం బుల్లెట్లంటాం. ఎవరైనా చూస్తుంటే చెయ్యి వణుకుతుందట, అందుకని వెనక సరుకు గదిలో తలుపేసుకుని సాధన చేస్తుంది. స్నేహితురాళ్ళు ఇద్దరు తోడు. లోపల్నుంచి ఒకటే నవ్వులు. చేసిన క్రీమ్ మాత్రం నాకు చూపించదు, బాగా రాలేదని పారబోస్తుందట. ఇప్పటికి రెండు పెట్టెల బుల్లెట్లు ఖాళీ చేసింది, నేను పల్లెత్తు మాట అనలేదు. ఖాళీ గొట్టాలు కూడా బ్యాగులో దాచుకుంటుంది, ఏదో బొమ్మ చేస్తుందట.

ఒక్కటే చిరాకు. ఈ మధ్య నడుస్తూ నడుస్తూ తూలుతోంది. మొన్న ట్రే పట్టుకుని వస్తూ గడప దగ్గర బోర్లా పడింది. అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయంటుంది. బూట్లు బిగుతయ్యాయేమోనని కొత్తవి కొన్నాం, లాభం లేదు. నువ్వు డాక్టరువి కాకపోయినా జనాన్ని నడిపించేవాడివేగా, ఏదైనా నూనె పేరు చెప్పు. నా మెడ నొప్పికి కూడా.

మీ అక్క

ఏప్రిల్ 9

అక్కా,

ఎడమ మోకాలు. ఆ మోకాలికి రెండేళ్ళు ఫిజియోథెరపీ చేసినవాణ్ణి నేను. దీని గురించి ఇక రాయను.

నీ మరదలు బాల్కనీలో టమాటా మొక్క పెట్టింది. ఒకే ఒక్క కాయ కాసింది. రోజూ పొద్దున్నే దాన్ని పలకరించిగానీ నాకు కాఫీ ఇవ్వదు. నీ మెడ నొప్పికి నూనె అక్కర్లేదు. నువ్వు వంగి పని చేసే బల్ల కింద నాలుగు కాళ్ళకీ ఇటుకలు పెట్టించి ఎత్తు పెంచు. వారంలో తేడా తెలుస్తుంది.

రెండో పేజీ విడిగా మడిచి అంటించాను. పైన ‘అక్క మాత్రమే’ అని రాశాను. చేతులు కడుక్కుని నువ్వే చదువు.

తమ్ముడు

(రెండో పేజీ)

అక్కా, కంగారు పడకుండా చివరిదాకా చదువు.

మా ఆసుపత్రిలో నా గదికి ఇన్నేళ్ళూ పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళు, ఎముకలు విరిగినవాళ్ళు వచ్చేవాళ్ళు. ఈ ఏడాది పదిహేనేళ్ళవాళ్ళు, పదిహేడేళ్ళవాళ్ళు వస్తున్నారు. దెబ్బ లేదు, జ్వరం లేదు. అరికాళ్ళు తిమ్మిరి. కళ్ళు మూసుకుని నిలబడమంటే పడిపోతారు, పాదం ఎక్కడుందో వాళ్ళకే తెలియదు. ముగ్గురు వచ్చారు. ముగ్గురూ నీ బుల్లెట్లలో ఉండే గ్యాస్ పీల్చినవాళ్ళే.

అది పీలిస్తే ఒక నిమిషం తల తేలిపోయి నవ్వొస్తుందట. వాసన ఉండదు, కళ్ళు ఎర్రబడవు, ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. కేకుల్లో వాడేదే కదా అనుకుంటారు. కేకులో ఏమీ కాదు. పదేపదే ఊపిరిలోకి వెళ్తే మాత్రం ఒంట్లో ఉన్న బి12 విటమిన్ పనికిరాకుండా పోతుంది. అప్పుడు కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టు నరాల మీది పొర దెబ్బతింటుంది. పీలుస్తూ పీలుస్తూ ఊపిరాడక పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

నా అనుమానం తప్పయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. పిల్లని తిట్టకు, చెయ్యి చేసుకోకు. సరుకు గదికి తాళం వేసి పని అయిపోయిందనుకోకు, బయట ఈ గ్యాస్ నింపి, పళ్ళ బొమ్మలు వేసిన పెద్ద సిలిండర్లే అమ్ముతున్నారు. పక్కన కూర్చోబెట్టుకుని అడుగు. నరాల డాక్టరుకి చూపించు, ఏం పీల్చిందో డాక్టరు దగ్గర దాచొద్దు. ఇప్పుడు ఆపితే నడక తిరిగొస్తుంది. ఆలస్యమైతే కొంత ఎప్పటికీ రాదు. నేను కళ్ళారా చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

ఏప్రిల్ 18, సోమవారం

తమ్ముడూ,

బల్ల కింద ఇటుకలు పెట్టించాను. నువ్వు బతికిపోయావు, నిజంగానే మెడ నొప్పి తగ్గింది. కానీ ఇంత దూరం నుంచి రాసేవాడివి ఒక్క పేజీతో సరిపెడతావా? మరదలి టమాటా గురించి తప్ప కబురే లేదు. నేను పేజీలకి పేజీలు రాయాలి, నువ్వు మాత్రం మందుల చీటీ అంత పంపుతావు.

అయినా పిల్ల కాళ్ళ గురించి నువ్వు రాసింది విన్నాక నా ప్రాణం కుదుటపడింది. ఎదిగే వయసులో ఎముకలు ముందు సాగుతాయి, నరాలు తర్వాత నిదానంగా సాగుతాయి, అందుకే తిమ్మిరి, ఏడాదిలో అదే సర్దుకుంటుంది, డాక్టర్ల చుట్టూ తిరగొద్దు అన్నావుగా. మీ బావకి కూడా అదే చెప్పాను. ఆయన ఎప్పటిలాగే “ఒకసారి చూపిద్దాం” అని గొణిగాడు. “కాళ్ళ సంగతి నీకు తెలుసా మా తమ్ముడికి తెలుసా” అని నోరు మూయించాను.

మొన్న నువ్వు ఫోన్ చేశావట. ఫోన్ పిడుగే తీసింది, నా చేతులు ఖాళీగా ఉంటేగా. మళ్ళీ నాన్న మోకాలి గోలేనని చెప్పింది. సిగ్గు లేదురా నీకు.

నీ ఉత్తరం ఎదురుగా లేదు, పిడుగు ఎక్కడో భద్రంగా పెట్టింది. గుర్తున్నవాటికి జవాబు రాస్తున్నా, ఏదైనా మర్చిపోతే ఏమనుకోకు. మూడో పెట్టె కూడా తెరిచింది. దాని పట్టుదల చూస్తే నాకే ముచ్చటేస్తోంది. కాకపోతే మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది, తిండి తగ్గింది. పరీక్షల దిగులేమో.

మీ అక్క

ఏప్రిల్ 20

అక్కా,

కవరు మీద నీ పేరే రాశాను. కానీ ఇది చదివే మనిషికి రాస్తున్నాను.

పిడుగూ, పై వాక్యం నువ్వు పైకి చదివేసి ఆగి ఉంటావు. అమ్మ పువ్వు పెడుతూ తలెత్తకుండానే “ఏమైందే” అని ఉంటుంది. ఇప్పుడు నీకు రెండు దారులున్నాయి. నేను రాయని మాటలు మళ్ళీ కల్పించి చదవొచ్చు. ఎముకలు ముందు సాగుతాయి, నరాలు తర్వాత సాగుతాయి అన్నావు చూడు, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది. అంత తెలివి ఉన్న పిల్లవి నువ్వు.

తప్పు నాది కూడా. పదహారేళ్ళ పిల్ల చేతికి ‘నువ్వు చూడొద్దు’ అన్నట్టే పైన రాసిన కాగితం పంపిన ఘనుణ్ణి నేను. పైగా ఫోన్ చేసినప్పుడు నువ్వు “అమ్మ మొత్తం చదివింది మామయ్యా, నీ మీద కోపంగా ఉంది, మాట్లాడదట” అంటే నమ్మాను. వారం పాటు మీ అమ్మ మీద పళ్ళు నూరాను, పిల్లకంటే తన షాపు పరువే ఎక్కువైందా అని. మొన్నటి ఉత్తరం వచ్చాకగానీ నాకు బల్బు వెలగలేదు.

పొద్దున పదింటికి నువ్వు స్కూల్లో ఉంటావు. ఆ టైములో ఫోన్ చేస్తే అమ్మే తీస్తుంది. ఇవాళ పదింటికి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, మళ్ళీ పెట్టేశాను. ఎందుకో చెప్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఇంట్లో పట్టుబడినవాళ్ళు ఇంకా బాగా దాచడం నేర్చుకున్నారు. తామే నోరు తెరిచి చెప్పినవాళ్ళు త్వరగా తేరుకుంటున్నారు. నా గదిలో పదిహేడేళ్ళ బ్యాడ్మింటన్ అమ్మాయి ఉంది, ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు కడ్డీ పట్టుకుని గది ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళడానికి పావుగంట పడుతుంది. “ముందే చెప్పి ఉంటే?” అని నన్నడిగింది. నేను మాట మార్చాను. నీ దగ్గర మార్చను. ముందే చెప్పి ఉంటే ఆ పిల్ల ఈపాటికి ఆడుతూ ఉండేది.

ఆదివారం పొద్దున బండికి టికెట్ తీసుకున్నాను. నేను వచ్చేసరికి అమ్మకి నీ నోటితోనే తెలియాలి. తెలియకపోతే నేనే చెప్తాను, అందులో మొహమాటం లేదు. అప్పటిదాకా ఒక్కటి కూడా ముట్టుకోకు. నీ మీద నాకు కోపం లేదని అనను. ఉంది. నీ కాళ్ళ మీద దిగులు అంతకంటే చాలా ఎక్కువ.

మామయ్య

ఏప్రిల్ 22, శుక్రవారం

తమ్ముడూ,

ఆదివారం రావద్దు. ఈ ఉత్తరం చూసేసరికి పిడుగు నీ ముందు ఉంటుంది. రేపటి బండికి మీ బావ తీసుకొస్తున్నాడు, స్కూలుకి సెలవు చీటీ ఇచ్చాను. ఈ కాగితం దాని చేతికే ఇచ్చి పంపుతున్నా. అంటించలేదు, దారిలో చదివితే చదవనీ.

మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే కౌంటరెక్కింది, నీలాగే గొంతు మార్చి మొదటి రెండు వాక్యాలు చదివింది, ఆగిపోయింది. నువ్వు రాసినట్టే నేను తలెత్తకుండానే అడిగాను. కాగితం సరిచేసుకుని మళ్ళీ మొదలుపెట్టింది, ఈసారి తన గొంతుతోనే. ఒక్క మాట వదల్లేదు. నేను క్రీమ్ సంచి నొక్కుతూనే ఉన్నాను. చూసుకునేసరికి కేకు మీద పువ్వు కాదు, గుట్ట ఉంది.

తర్వాత మేడ మీదకి వెళ్ళి, గోడ పట్టుకుని దిగి, మడత పెట్టిన ఆ రెండో పేజీ తెచ్చింది. అది కూడా చదివింది. చెయ్యెత్తాను, నిజం చెప్తున్నా. సరిగ్గా అప్పుడే ‘చెయ్యి చేసుకోకు’ అన్న చోటికి వచ్చింది. అక్కడ కూడా ఆగలేదు, తల వంచుకుని చదివేసింది. ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దాని తల మీదే పెట్టాను. జుట్టంతా క్రీమ్ అయ్యింది.

ఎందుకే అని అడిగాను. “మొదట్లో నిజంగానే నవ్వొచ్చేదమ్మా. తర్వాత నవ్వు రాలేదు, మానేద్దామంటే ఏమీ బాగుండేది కాదు” అంది. మామయ్య వస్తాడనే భయంతో చదివావా అన్నాను. “కాదమ్మా, నిన్న మెట్లు దిగుతుంటే కాలు ఎక్కడ పెట్టానో తెలియలేదు. చూసుకుంటేగానీ తెలియలేదు” అంది.

ఒరేయ్, తలుపు ఇవతల నిలబడి ఆ నవ్వులు వింటూ మురిసిపోయాను నేను. నా పిల్ల పని నేర్చుకుంటోందని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాను. నా సరుకు గదిలో, నేను తెప్పించిన పెట్టెలతో. ఇది ఎవరికి చెప్పుకోను, నీకు తప్ప. మొహం మొహం చూసుకుంటూ అయితే ఈ మాట నా నోట రాదు, అందుకే రాస్తున్నా. దాన్ని నీ చేతుల్లో పెడుతున్నాను. నడిపించి పంపు.

మీ అక్క

మే 20

అక్కా,

నీ ఉత్తరం అది దారిలో చదవలేదు. నా చేతికిచ్చి, “నువ్వే చదువు మామయ్యా, నాకు ధైర్యం చాలదు” అంది.

రోజు విడిచి రోజు బి12 ఇంజెక్షన్. మొదటి వారం దాని మొహం చూడలేకపోయాం, నీ మరదలితో కూడా మాట్లాడలేదు. తొమ్మిదో రోజున “బజారుకి వెళ్ళొస్తా” అని చెప్పులు వేసుకుంది, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. “ఎందుకు వెళ్దామనుకున్నానో చెప్పనా” అని తనే చెప్పింది. ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. నిన్న కడ్డీ వదిలేసి, కళ్ళు మూసుకుని పదిహేను సెకన్లు నిలబడింది. చిటికెన వేళ్ళలో ఇంకా తిమ్మిరి ఉంది, దానికి నెలలు పడతాయని డాక్టరుగారు అన్నారు. కానీ వస్తుందన్నారు.

ఆసుపత్రివాళ్ళు నన్ను స్కూళ్ళలో మాట్లాడమన్నారు. నేను రాసుకున్నది దానికి వినిపించాను. రెండు వాక్యాలకే ఆవులించింది. “మత్తు పదార్థాలు అని మొదలుపెడితే ఎవరూ వినరు మామయ్యా. అది వేరే ఎవరి గురించో అనుకుంటాం. అరికాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయా అని అడుగు, అందరూ తలెత్తుతారు” అంది. అలాగే మార్చాను. మొన్న ఒక స్కూల్లో సెలవుల క్లాసులకి వచ్చిన పిల్లల్ని ఆ ప్రశ్న అడిగితే నిజంగానే అందరూ తలెత్తారు. అయిపోయాక ఒకబ్బాయి నా వెనకే గేటు దాకా వచ్చాడు, ఇవాళ వాళ్ళ నాన్నతో మా గదికి వచ్చాడు.

ఇంకో మాట. దానితో పాటు సరుకు గదిలో కూర్చున్న ఆ ఇద్దరూ ఇంకా మానలేదట. తను చెప్తే ద్రోహి అంటారని నాలుగు రోజులు మథనపడింది. నిన్న రాత్రి భోజనాల దగ్గర “అమ్మని వాళ్ళిళ్ళకి వెళ్ళమను” అంది. కష్టమైన పనే అక్కా. వెళ్ళు.

తమ్ముడు

మే 30, సోమవారం

తమ్ముడూ,

వెళ్ళాను. షాపు ఆప్రాన్ కూడా విప్పకుండా వెళ్ళాను, మేడ మీదకెళ్ళి మార్చుకుంటే మళ్ళీ కాలు కదలదని.

మొదట డ్రైవింగ్ స్కూలు నడిపే ఆవిడ ఇంటికి. నేను నా పిల్ల కథ మొదలుపెట్టి సగం చెప్పేసరికే ఆవిడ లేచి, కూతురి గదిలోకి వెళ్ళి, రంగు రంగుల పళ్ళ బొమ్మలున్న సిలిండర్ తెచ్చి నా ముందు పెట్టింది. “జుట్టుకి కొట్టుకునే స్ప్రే అని చెప్పిందండీ” అంది. నేను క్రీమ్ సాధన అనుకున్న సంగతి చెప్పాను. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, ఏడవాల్సిన చోట నవ్వుకున్నాం.

రెండోది లెక్కల టీచరు ఇల్లు. ఆవిడ నన్ను లోపలికి కూడా రానివ్వలేదు. “మీ షాపులో మొదలైన జబ్బుని మా ఇంటికి అంటించకండి” అని తలుపేసింది. ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే గుచ్చుకుంది. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. సరుకు గది తలుపు పీకించేశాను. బుల్లెట్లు తెప్పించడం మానేశాను. క్రీమ్ చేత్తోనే గిలక్కొడుతున్నా, నా మెడ మళ్ళీ పట్టేసింది, ఇటుకలు కూడా ఏం చెయ్యలేకపోతున్నాయి.

శనివారం సాయంత్రం షాపు కిటకిటలాడుతుంటే ఆ టీచరమ్మ వచ్చింది. వరసలో నిలబడింది. తన వంతు వస్తే పక్కకి జరిగి వెనకవాళ్ళని పంపింది, అలా ముగ్గురిని. నేను చూడనట్టే ఉన్నాను, నాకూ కోపం ఉంటుందిగా. చివరికి ఎవరూ లేకుండా అయ్యాక కౌంటరు దగ్గరికి వచ్చి, “మా అమ్మాయి అరికాళ్ళు తిమ్మిరి అంటోంది. మీ తమ్ముడిగారి ఊరికి బండి ఎన్నింటికి?” అంది. నేను ఏం అందామని దాచుకున్నానో అవన్నీ ఎటు పోయాయో. కౌంటరు పలక ఎత్తి, లోపలికి రమ్మని, కుర్చీ వేశాను.

గురువారం మధ్యాహ్నం బండికి వస్తున్నాం. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు తల్లులు, నేను. డాక్టరుగారికి ముందే చెప్పి ఉంచు. షాపు రెండు రోజులు మీ బావ చూసుకుంటానన్నాడు, పువ్వులు పెట్టడం రాదు, జనం మొద్దు కేకులు తింటారు, ఏం కాదు.

స్టేషనుకి దాన్ని తీసుకురా. నువ్వు గేటు దగ్గరే ఆగిపో. ప్లాట్‌ఫారం మీద నేను ఎంత దూరంలో దిగినా సరే, చెయ్యి పట్టుకోకు, వెంట రాకు. దాన్ని నా దగ్గరికి నడిచి రానీ. ఆ పిల్లలు ఇద్దరూ కిటికీలోంచి చూస్తారు.

మీ అక్క